ముసలమ్మ రాయికి పసుపు

నోవై, మిషిగన్
ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం

చిరంజీవి త్రివేణికి అక్క దీవించి రాస్తున్న సంగతులు.

ఇవాళ ఇది రెండో కాగితం. మొదటిదాని మీద చెయ్యి అలవాటు కొద్దీ నీ పేరుకు ముందు ‘చి.ల.సౌ.’ అని రాసేసింది. నీ పెళ్లయిన దగ్గర్నుంచీ నీకు పంపిన ప్రతి కార్డు మీదా, ప్రతి పార్సిల్ మీదా అలాగే రాసినదాన్ని. ‘సౌ’ దగ్గర సిరా ఆరకముందే చూసుకుని చింపేశాను. చింపాక ఆ ముక్కలు చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పలేదు. ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ మైత్రీ క్షేమమని తలుస్తాను అని రాయాలి. అలా రాస్తే అబద్ధమవుతుంది, నీ క్షేమం ఎలా ఉందో నాకు తెలియనిదా. వేళకి ఇంత తింటున్నారనీ, కరెంటు బిల్లు చూసి భయపడకుండా ఇల్లు వెచ్చగా పెట్టుకుంటున్నారనీ మాత్రం తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న సోమవారం అందింది. ఫోన్లో సగం సేపు ఏడుపుకే పోతోందని ఈ ఉత్తరాలు మొదలుపెట్టింది నువ్వే. మంచిపని చేశావు. మనిద్దరిలో తెలివంతా నీకే వచ్చిందని అమ్మ ఊరికే అనలేదు. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుదామని కూర్చున్నాను.

మీ బావ మోకాలు సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. డ్రైవ్‌వేలో మంచు తోయొద్దని డాక్టర్ చెప్పాక పక్కింటాయన తోస్తుంటే కిటికీలోంచి చూస్తూ, పార ఎలా పట్టుకోవాలో నాకు వ్యాఖ్యానం చెబుతున్నారు. వాళ్ల ఆఫీసులో మళ్లీ లేఆఫ్‌లంటున్నారు. కార్ల కంపెనీలను నమ్ముకున్న ఊరు కదా, ఒకడికి జలుబు చేస్తే అందరూ తుమ్ముతారు. ‘తీసేస్తే తీసేశారు, భీమశంకరం లేకపోతే ఆ బ్రేకులు పడతాయేమో చూద్దాం’ అని మీ బావ ధీమా. అదితి వారం వారం ఆన్ ఆర్బర్ నుంచి వస్తోంది. మీ మైత్రితో రోజూ గంటలు గంటలు మాట్లాడుతోంది. ఏం మాట్లాడుకుంటారే అంటే, “నథింగ్ అమ్మా, షి జస్ట్ క్రైస్ అండ్ ఐ స్టే ఆన్ ద ఫోన్” అంది. ఆ పిల్లకి ఇంత ఓర్పు ఎక్కడినుంచి వచ్చిందో, నాకైతే లేదు.

నాన్న పెట్టే చారు కావాలని మైత్రి అడుగుతోందనీ, నువ్వు ఎలా పెట్టినా ‘దిస్ ఈజ్ నాట్ ఇట్’ అంటోందనీ రాశావు. కారణం చెబుతాను. రఘు ఆ చారు నేర్చుకున్నది మా వంటింట్లోనే. చింతపండు సగానికి సగం తగ్గించు, టమాటాలు చేత్తోనే పిసుకు, మిక్సీ వద్దు. దించేముందు బెల్లం ముక్క వెయ్యి. నీకు చారులో తీపి గిట్టదని, నువ్వు వంటింట్లో లేనప్పుడు వేసేవాడు. ఇరవయ్యేళ్లు నీకు తెలియకుండా బెల్లం తినిపించాడు.

ఇక ఆ రెండు సంగతులు. వాటి చుట్టూ తిరుగుతున్నానని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఈ నెలాఖరుకి క్లినిక్‌లో డాక్టరు పనికి రాజీనామా ఇచ్చేస్తానని రాశావు. కాగితం టైప్ చేసి సంతకం కూడా పెట్టేశావట. ‘నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి పదకొండు కిలోలు తగ్గిపోతే నేను చూడలేదక్కా. కళ్లు పచ్చబడేదాకా నాకు తెలియలేదు. ఇంట్లో మనిషిని చూడలేని కళ్లు ఊళ్లోవాళ్లని ఏం చూస్తాయి? నాకు ఆ కుర్చీలో కూర్చునే అర్హత లేదు’ అన్నావు. ఆ నాలుగు వాక్యాలూ నేను వంట చేస్తూ చదివాను, ఆఫీసు పార్కింగ్‌లో కారాపుకుని చదివాను, గుళ్లో కూర్చుని చదివాను. దానికి జవాబు నా దగ్గరుంది త్రివేణీ. మే నెల నుంచీ నా దగ్గరే ఉంది.

రెండోది రాయి సంగతి. ‘దేవుడి గదిలోకి తొంగి కూడా చూడని మనిషి ఆ రాయికి పసుపు ఎందుకు పూశారక్కా? ఆ రోజు ఆయన వెంట నువ్వే ఉన్నావు కదా, నీకేమైనా చెప్పారా? ఆ పసుపు గురించి నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులు ఇప్పుడు నాకు ఎవరిస్తారు?’ అని అడిగావు.

ముందు దీనికి చెబుతాను. రాజీనామా మాటకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

నేను వచ్చింది మే నెల మొదట్లో కదా. ఆ గురువారం నువ్వు సాయంత్రం దాకా క్లినిక్‌లో ఉన్నావు, మైత్రి పరీక్షకు వెళ్లింది. “వదినా, పదండి, మా ఊరు చూపిస్తాను” అన్నాడు రఘు. “ఇంకేముంది చూడటానికి, నిన్న పాలకి వెళ్లినప్పుడు మొత్తం చూసేశాను” అన్నాను. మరి అన్నానంటే తప్పేముంది? నలభై ఇళ్లు, ఒక చర్చి, ఒక పబ్బు, పోస్టాఫీసును మూల కూర్చోబెట్టుకున్న కొట్టు. ఆర్న్‌వెల్ అంటే అంతేగా. మా నోవైలో ఒక్క సబ్‌డివిజన్‌లో దానికి నాలుగింతలు ఇళ్లుంటాయి. కాకపోతే మా దగ్గర పాత ఇల్లంటే అదితి పుట్టిన ఏడు కట్టినది.

పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా రైల్వే సిగ్నళ్లతో కుస్తీపట్టే మనిషి, నెలకో శనివారం మెడలో ఆ పచ్చ బ్యాడ్జీ వేసుకుని ఊరు చూడవచ్చినవాళ్లని వెంటేసుకు తిరగడం నాకెప్పుడూ విచిత్రమే. వరంగల్‌లో పుట్టినవాడు ఇంగ్లండు వచ్చి విల్ట్‌షైర్ వాళ్లకి వాళ్ల చర్చి చూపించడమేమిటయ్యా అని ఏడిపించేదాన్ని. “వాళ్లు రోజూ చూస్తారు కాబట్టి చూడరు వదినా” అనేవాడు. ఆ రోజు నా ఒక్కదానికోసమే బ్యాడ్జీ వేసుకున్నాడు.

చర్చి తలుపు మీద రాతి కమాను చూపించాడు. వరసగా చెక్కిన మొహాల్లో ఒకటి తలకిందులుగా ఉంటుంది, నువ్వెప్పుడైనా చూశావో లేదో. తొమ్మిది వందల ఏళ్ల కింద శిల్పి తాగి చెక్కాడని ఊళ్లోవాళ్లు అంటారట. మేస్త్రీతో పోట్లాడి అలిగి చెక్కాడని రఘు సిద్ధాంతం. తర్వాత ఆ పెద్ద కొట్టం. ఊరి రైతులందరూ పంటలో పదోవంతు తెచ్చి చర్చికి కొలిచిన చోటు. లోపల నిలబడి పైకి చూస్తే పెద్ద పడవ బోర్లించినట్టుంది. తర్వాత వాగు మీద పిట్టగోడ లేని సన్న వంతెన. గుర్రాల మీద వేసిన మూటలు గోడకి తగలకూడదని అలా వదిలేశారట. ఆ వంతెన మీద నేను రఘు చెయ్యి పట్టుకుని నడిచాను. పట్టుకున్నది నేనే, కానీ బరువు వేసింది తను.

అడుగడుక్కీ ఆగాడు. చూపించడానికి ఆగుతున్నాడనుకున్నాను. ఆయాసం వచ్చి ఆగుతున్నాడని నాకు తట్టలేదు. నువ్వు డాక్టరువై ఉండి చూడలేదని కుమిలిపోతున్నావు, నేను మూడు మైళ్లు పక్కనే నడిచి చూడలేదు.

వాగు దాటాక మఠం ఉంది కదా, ఎవరో రాజు కూలగొట్టించగా వంటశాల ఒక్కటే మిగిలినది. అందులో పొయ్యి అరుగు మీద కూర్చున్నాం. ఫ్లాస్కులోంచి నీళ్లు తాగి, నాకూ ఇచ్చి, “వదినా, మీకొకటి చెప్తాను. అరవకూడదు” అన్నాడు.

“అరిస్తే ఈ మిగిలిన గోడ కూడా కూలుతుందా?” అన్నాను. నా నోటికి అప్పుడూ ఎగతాళే వచ్చింది.

“ఏప్రిల్‌లో స్కాన్ చేయించుకున్నాను. ఇక్కడ కాదు, మేము పనిచేసే సైట్ దగ్గర వేరే ఊళ్లో. ప్యాంక్రియాస్‌లో వచ్చింది. లివర్‌కి కూడా స్ప్రెడ్ అయిందట. కీమో తీసుకుంటే ఒక మూడు నాలుగు నెలలు ఎక్స్‌ట్రా వస్తాయేమో అన్నారు. ష్యూర్‌గా చెప్పలేం అన్నారు.”

నేను అరవలేదు. ఫ్లాస్కు మూత బిగించి, “దానికి చెప్పావా?” అన్నాను.

“లేదు. మైత్రి ఎగ్జామ్స్ జూన్ ఎండ్‌కి అయిపోతాయి. అప్పుడు చెప్తాను. అప్పటిదాకా నాకు కొంచెం టైమ్ కావాలి వదినా. త్రివేణికి చెప్పిన మినిట్ నుంచి నేను మొగుణ్ణి కాను, పేషెంట్‌ని. తను నన్ను చూడటం మానేసి నా రిపోర్ట్స్ చూస్తుంది.”

“మరి నాకెందుకు చెప్పావయ్యా? నేనేం పాపం చేశాను?”

“ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను,” అన్నాడు. అని నా చేత తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. జూన్ ఆఖరుదాకా నీకు చెప్పనని ఒట్టు. రఘు కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు. వేశాను. ఆ క్షణంలో ఇంకెవరైనా వేసి ఉండేవారనే ఇప్పటికీ అనుకుంటాను. ఈ ఉత్తరంలో నేను క్షమించమని అడుగుతున్నది ఆ ఒట్టుకి కాదు.

తిరిగి వచ్చేటప్పుడు గొర్రెల మేత బీడులోంచి వచ్చాం. అక్కడ ఆ రాయి. మనిషికి రెండింతలుంది, ఒక పక్కకి ఒరిగి, ఒంటిగా. చుట్టూ కంచె లేదు, ఒక చిన్న బోర్డు మాత్రం ఉంది. “దీన్ని ఓల్డ్ నాన్ అంటారు, అంటే ముసలమ్మ. మూడు నాలుగు వేల ఏళ్ల కింద ఎవరు నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో ఎవరికీ తెలీదు” అన్నాడు. నాకు మాత్రం తెలియకపోవడమేమిటి? ఊరి పొలిమేరలో రాయి, పేరు ముసలమ్మ. మన మధిర వైపు అయితే ఎన్ని చీరలు కట్టి ఎన్ని కొబ్బరికాయలు కొట్టేవాళ్లు! నా హ్యాండ్‌బ్యాగులో పసుపు కుంకుమ పొట్లాలు ఎప్పుడూ ఉంటాయని నీకు తెలుసు. ప్రతి ఎయిర్‌పోర్టులోనూ వాటిని తిప్పి తిప్పి చూసి నా మొహం చూస్తారు. పొట్లం విప్పాను.

“వదినా, వద్దు. ఇది ప్రొటెక్టెడ్ మాన్యుమెంట్. నేనే అందరికీ టచ్ చేయొద్దని చెప్తాను” అన్నాడు.

“బోర్డు పెట్టినంత మాత్రాన అమ్మోరు అమ్మోరు కాకుండా పోతుందా? నీళ్లు పొయ్యి” అన్నాను.

చూశాడు నావైపు. పదకొండేళ్లుగా పసిపిల్లల్ని కూడా ఆ రాయి మీద చెయ్యి వేయనివ్వని మనిషి ఫ్లాస్కు మూత తీసి నా దోసిట్లో నీళ్లు పోశాడు. నేను పసుపు కలిపి అందినంత మేర పూశాను, ఐదు బొట్లు పెట్టాను. ‘అమ్మా, నా చెల్లెలి పసుపుకుంకుమలు కాపాడు, మళ్లీ వచ్చి చీర పెడతాను’ అని మొక్కుకున్నాను. పైకే మొక్కుకున్నాను. రఘు విన్నాడు. “చీర బ్లూ అయితే బాగుంటుంది వదినా, గ్రే మీద” అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఏడ్చాం. గొర్రెలు మమ్మల్నే చూస్తున్నాయి.

పసుపు పూసింది నేనే. రఘు కాదు.

తర్వాతిది నీకు తెలుసు, కానీ నీకు తెలిసింది సగం. ఆదివారం మిసెస్ పెండ్రీ ఆ పసుపు చూసింది. ఊళ్లో పాత కట్టడాల సంఘానికి పెద్ద ఆవిడే కదా. ఆ రాతి మీద పాచికి నాలుగు వందల ఏళ్లట, పసుపు కింద మాడిపోతుందట. ఎవరో ఆకతాయిలు రంగు పులిమారని చర్చి తలుపుకి కాగితం అంటించింది. మంగళవారం మీటింగ్ పెట్టింది. నేను రఘుతో, “నేనే వెళ్లి చెబుతాను, తెలియక చేశానంటాను” అన్నాను. “మీరు చెప్తే, ఎందుకు చేశారని త్రివేణి అడుగుతుంది. మీకు అబద్ధం చెప్పడం రాదు వదినా. ఆ మొక్కు సంగతి బయటికొస్తుంది” అన్నాడు. వెళ్లి తనే చేశానని చెప్పేశాడు. వాళ్లు మర్యాదగానే బ్యాడ్జీ తీసుకున్నారు. మర్యాదగానే ఇక శనివారాలు రావద్దన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నువ్వు అరిచావు. “నువ్వు సైన్స్ చదువుకున్నావా లేదా? పదకొండేళ్లుగా నేను ఈ ఊళ్లో సంపాదించుకున్న మర్యాద ఏం కావాలి? పేషెంట్లకి నా మొహం ఎలా చూపించను?” అన్నావు. రఘు సారీ చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. నేను నోరు తెరవబోతే తలెత్తి నావైపు చూసి, కొంచెంగా తల అడ్డంగా ఊపాడు. నేను పెరుగన్నం కలుపుకుని తిన్నాను. నువ్వు మూడు రోజులు రఘుతో మాట్లాడకపోవడానికి కారణం నేను. తన చివరి వేసవిలో శనివారాలు లేకుండా పోవడానికి కారణం నేను. నువ్వు తనని తిట్టలేదు త్రివేణీ, నన్ను తిట్టావు. మధ్యలో తను నిలబడ్డాడంతే.

ఇక నీ రాజీనామాకి జవాబు. ఇది రాయడానికే మూడు రోజులుగా కాగితాలు పాడుచేస్తున్నాను. మీ బావకి కూడా మొన్నే చెప్పాను. “ఫోన్ చెయ్యకు. ఫోన్ చేస్తే సగం చెప్పి ఏడుస్తావు, ఆ పిల్ల నిన్ను ఓదారుస్తుంది. మొత్తం రాయి” అన్నారు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ మనిషి నన్ను ఇంత సరిగ్గా చదవడం ఇదే మొదటిసారి.

రఘు ఒంటి బరువు నీకు కనపడలేదంటున్నావు. కనపడకుండా చేసింది నేను.

నేను తిరిగి వచ్చే వారం, నువ్వు లేనప్పుడు, రఘు నాలుగు ప్యాంట్లు తెచ్చి నా మంచం మీద వేశాడు. నడుం దగ్గర జారిపోతున్నాయి, బెల్టుకి కన్నాలు పొడుచుకున్నా కుచ్చెళ్లు పడుతున్నాయి, త్రివేణి చూస్తుంది అన్నాడు. నా చేతి కుట్టు సంగతి నీకు తెలిసిందే. నోవైలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు నేను సరిచేసినవే. నాలుగు ప్యాంట్లకీ వెనక కుట్టు విప్పి అంగుళన్నర లోపలికి పట్టాను. ఇస్త్రీ చేసి, మడత మీద మడత కలిపి, నువ్వు పెట్టినట్టే బీరువాలో పెట్టాను. మైత్రి పరీక్షల కోసం అని నాకు నేను చెప్పుకున్నాను.

జూన్ ముప్పయ్యో తారీఖుకి ఒట్టు తీరిపోయింది. ఇక్కడినుంచి చెప్పేది రఘు తప్పు కాదు. నేను ప్రతి గురువారం లంచ్ టైమ్‌లో కారులో కూర్చుని తనకి ఫోన్ చేసేదాన్ని. “చెప్పావా?” అంటే, “మైత్రి రిజల్ట్స్ రానీ వదినా, ఆగస్టులో” అన్నాడు. గట్టిగా అడగొచ్చు. నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అనొచ్చు. నీ నంబరు తీసి నొక్కబోయిన రోజులున్నాయి. ఎందుకు నొక్కలేదో తెలుసా? రఘు కోసం కాదు. ‘మే నుంచి తెలిసి నాకెందుకు చెప్పలేదక్కా’ అని నువ్వు అడుగుతావని. నెల గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది, నా భయం పెద్దదైంది. నీ మొగుడి ప్రాణం ఒకవైపు, నీ దగ్గర నా మంచితనం ఒకవైపు పెట్టుకుని నేను నా మంచితనమే కాపాడుకున్నాను. ఇది ఎలా రాసినా ఇంతకన్నా బాగా కనపడదు.

జూలైలో రఘు పుట్టినరోజుకి ఇక్కడినుంచి మూడు చొక్కాలు పంపాను గుర్తుందా? వీడియోలో తను వేసుకుని నిలబడితే, “బావ సెలెక్షనా? పర్‌ఫెక్ట్ ఫిట్” అన్నావు. అవి మీడియం చొక్కాలు. రఘు ఎప్పుడూ వేసుకునేది లార్జ్. నువ్వు ఉతికేటప్పుడు చూస్తావని, మీ బావ పాత చొక్కాల కాలర్ల లోంచి ‘లార్జ్’ అని సైజు రాసిన పట్టీలు ఊడదీసి వాటికి కుట్టాను. ఎవరూ అడగలేదు నన్ను. రఘు కూడా అడగలేదు. పార్సిల్ విప్పి పట్టీ చూసుకుని ఆ గురువారం ఫోన్లో, “వదినా, మీరు నాకన్నా బాగా ఆలోచిస్తున్నారు” అన్నాడు. నాకు అది పొగడ్తలా వినిపించింది.

రిజల్ట్స్ వచ్చిన వారానికి కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు చెప్పాడు నీకు. అప్పుడు నువ్వు నాకు ఫోన్ చేసి ఏడుస్తూ, “అక్కా, నాకెలా తెలియలేదు, నాకెలా తెలియలేదు” అన్నావు. నేను, “నీ తప్పు లేదమ్మా” అన్నాను. నువ్వు దాన్ని ఓదార్పు అనుకున్నావు. అది నిజం. నీ తప్పు లేదని ఈ లోకంలో అందరికంటే బాగా నాకు తెలుసు. నవంబర్‌లో తను పోయినప్పుడు వచ్చి పదిహేను రోజులు నీ పక్కనే పడుకున్నాను. అప్పుడూ చెప్పలేదు.

మేలోనే నువ్వు వింటే ఏమయ్యేదో నేను డాక్టర్ని కాదు, నాకు తెలియదు. కీమో తీసుకునేవాడో కాదో, ఎన్నాళ్లుండేవాడో. ఆ లెక్క నువ్వు వేయగలవు. వేసి, నామీద ఎంత కోపం రావాలో అంతా రానీ. ఒక్క మాట మాత్రం నా తరఫున కాదు, నీ తరఫున చెబుతాను. ఒక మనిషి నీ పక్కలో పడుకుని దాచాడు, ఇంకో మనిషి సూదీ దారం పట్టుకుని దాచింది. నీకు బాగా తెలిసిన ఇద్దరం కలిసి నీ కళ్లు మూశాం. నా మాట ఊరికే నమ్మొద్దు. ఆ చొక్కాలు ఇంకా నీ దగ్గరే ఉంటే కాలర్లు తిప్పి చూడు. పట్టీలకి నాలుగువైపులా నల్లదారం చేతికుట్టు ఉంటుంది. ప్యాంట్లకి వెనకాల నడుం లోపల కత్తిరించని గుడ్డ మడత ఉంటుంది. చేత్తో పట్టుకుని చూసుకో.

మిసెస్ పెండ్రీకి కూడా నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక కాగితం రాసి ఇందులోనే పెట్టాను. రాయికి పసుపు ఎవరు పూశారో, ఎందుకు పూశారో ఉంది అందులో. చదివి, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. రఘు పేరు ఆ ఊళ్లో అలా ఉండిపోవడం నాకిష్టం లేదు. తను వాళ్ల ఊరిని వాళ్లకన్నా ఎక్కువ ప్రేమించాడు.

ఏప్రిల్‌లో రమ్మని రాశావు. టికెట్ తీసుకోలేదు. ఈ ఉత్తరం చదివాక కూడా రమ్మంటేనే వస్తాను. రావద్దంటే ఎందుకని అడగను, మీ బావ చేత అడిగించను. మైత్రికి ఇవన్నీ చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. ఇంక ఎవరికి ఏం చెప్పాలో నిర్ణయించే పని నాకొద్దు.

నన్ను అక్కా అని పిలవబుద్ధి కాకపోతే పిలవకు. ఆ రాజీనామా కాగితం మాత్రం చించెయ్యి. సోమవారం పొద్దున్నే క్లినిక్‌కి వెళ్లి నీ కుర్చీలో కూర్చో. ఇంట్లోవాళ్లకి చెప్పుకోలేక ఎవరో ఒకరు నీ దగ్గరికే వస్తారు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే ఇంకా నీ అక్క,
చాముండేశ్వరి